పక్కింటి పిల్లి

ఆ స్క్రూడ్రైవరు కాస్త కింద పెట్టు నాయనా. పెట్టు, చెప్తాను. కంప్యూటర్లోంచి ఆ గుండ్రటి బ్యాటరీ ఊడబీకితే మళ్ళీ పెట్టగలవు గానీ, మావారు పెట్టిన స్పీడు అంకెలు మళ్ళీ వస్తాయా? రావని నువ్వేగా అన్నావు!

ఫొటోలు ఎక్కడికీ పోవంటావు. ఫొటోల సంగతి నాకు తెలుసయ్యా. మా ముత్తాత దగ్గర్నుంచి అందరి ఫొటోలూ ఈ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరు ఎవరికి ఏమవుతారో కింద రాసిపెట్టినదాన్ని నేనే. వాటి కాపీ మా అమ్మాయి దగ్గర ఉంది. నా బాధ వాటి గురించి కాదు.

ఏమిటీ, అంకెల్ని ఫోనులో ఫొటో తీసుకోమంటావా? తీసుకుని ఏం చేసుకోను? అవి నడవాలి గానీ!

విసుక్కోకు. సరేలే, విసుక్కున్నా తప్పులేదు. ఇది మూడోసారి రావడం. మొదట మెమరీ ముక్కలు ఒక్కొక్కటే తీసి, తుడిచి, పెట్టి చూశావు. తర్వాత పవర్ సప్లై మార్చావు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశావు. దుకాణానికి మోసుకెళ్ళి రోజంతా పరీక్ష పెడితే నిక్షేపంలా నడిచిందన్నావు. ఇంటికి తెచ్చి ఇక్కడ పెట్టి వెళ్ళావో లేదో, మర్నాటికల్లా మళ్ళీ ఆగిపోయి నీలం తెర! "ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఇదేనమ్మా" అని నవ్వావు కూడా.

ఇప్పుడేమో "ఇక నావల్ల కాదు, సార్ పెట్టిన స్పీడు తీసేసి కంపెనీ స్పీడుకి తెచ్చేస్తాను" అంటున్నావు. ఇలా పడుతూ లేస్తూ ఉంటే చిప్పు కాలిపోతుందని భయపెడుతున్నావు. నిజమే కాబోలు. కాదనను.

కానీ ఆ స్పీడు ఎలా పెట్టారో నీకేం తెలుసు? ప్రాసెసర్ నీ దగ్గరే కొన్నారు. "మీ వయసులో ఈ ఓవర్‌క్లాకింగు ఏమిటి సార్, కుర్రాళ్ళ పిచ్చి కదా" అని నువ్వే ఎగతాళి చేశావట. ఇంటికొచ్చి చెప్పి తెగ మురిసిపోయారు. "కంపెనీవాడు దాన్ని నడవమన్నాడు, నేను పరిగెత్తమంటున్నాను. దానికి లేని అభ్యంతరం వాడికెందుకోయ్" అని.

స్పీడు ఒక మెట్టు పెంచడం, తట్టుకుంటుందో లేదో పరీక్ష పెట్టడం. పడిపోతే చిటికెడు వోల్టేజి ఎక్కించడం. వోల్టేజి ఎక్కితే వేడి. వేడెక్కితే మళ్ళీ మెట్టు దిగడం. నెలల తరబడి ఇదే పని! తెర మూల ఉండే వేడి అంకె ఆయన కళ్ళజోడుకి ఆనేది కాదు. అది చదవడం నా వంతు. పక్కన స్టూలు వేసుకుని, డెబ్భై రెండు, డెబ్భై నాలుగు అని జపం చేసినట్టు చదివేదాన్ని.

"పెళ్ళాం ఒంటిమీద చెయ్యేసి జ్వరం ఉందా అని ఒక్కనాడు చూసిన పాపాన పోలేదు, ఈ పెట్టెకి మాత్రం రోజూ జ్వరం చూస్తారు" అని దెప్పేదాన్ని.

"నీకొస్తే ఇల్లెగిరిపోయేలా నువ్వే చెప్తావు. అది నోరులేనిది పాపం!" అనేవారు.

నవ్వకు... సరేలే, నవ్వు. ఆయన మాటలకి నవ్వకపోతే ఎలా?

ఆ రోజూ అంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పరీక్ష నడుస్తోంది. డెబ్భై ఆరు అన్నాను. ఊఁ అనలేదు. డెబ్భై ఏడు అన్నాను. పలకలేదు. అయినా చదువుతూనే ఉన్నాను! మనిషి తెరవంకే చూస్తున్నట్టు ఉన్నారు కదా, లెక్కల్లో పడి ఉంటారనుకున్నాను. చివరికి పాసైందని తెరమీద పడింది. అంతసేపు పడిపోకుండా నడవడం అదే మొదటిసారి. "నిలబడిందండీ!" అని చెయ్యి పట్టుకుని ఊపాను.

చెయ్యి వెచ్చగానే ఉంది నాయనా. అందుకే కునుకు తీశారనుకున్నాను.

అవీ ఆ అంకెలు. నువ్విప్పుడు పీకబోయేవి.

ఉండు, ఇంకా అయిపోలేదు. ఇప్పుడు చెప్పేదానికి తిట్టినా పడతాను. రోజూ దేవుడి ముందు చేతులు జోడించి కూచునేదాన్ని, నీ దగ్గర ఎన్నాళ్ళని దాస్తాను?

మొన్న ఈ పెట్టె ఫ్యానులోంచి గోధుమరంగు బూరు తీసి "పిల్లిని పెంచుతున్నారా అమ్మా?" అన్నావు, గుర్తుందా? పక్కింటి పిల్లి వచ్చిపోతూ ఉంటుందన్నాను. కిటికీకి జాలీ కొట్టించుకోమని సలహా కూడా ఇచ్చావు, పిచ్చి తండ్రీ.

పిల్లీ లేదు, గిల్లీ లేదు. అది ఆయన శాలువా ఉన్ని.

చలికాలం అది కప్పుకుని, పాదాలు ఈ పెట్టెకి ఆనించుకుని కూచునేవారు. హీటరు కొందామండీ అంటే, "కొన్నాంగా, ఇది లెక్కలు కూడా చేస్తుంది" అనేవారు. ఆయన పోయాక శాలువా కుర్చీ వెనక అలా వేలాడుతుంటే చూడలేకపోయాను. దుమ్ము పడకుండా ఉంటుందని తీసి పెట్టెమీద కప్పాను. అప్పటికి దుమ్ము గురించే, ఒట్టు.

తర్వాత ఓ పొద్దున్న ఫొటోల పని చేసుకుంటూ, ఊరికే, శాలువా కిందకి చెయ్యి పోనిచ్చాను.

వెచ్చగా ఉంది.

ఇంకేం చెప్పమంటావు? ఆ రోజు నుంచి పైనుంచి కిందదాకా చుట్టేశాను. పనున్నా లేకపోయినా ఆన్ చేస్తాను. ఆయన పెట్టే పరీక్షే పెడతాను. స్టూలు మీద కూచుని చెయ్యి లోపల పెట్టుకుంటాను. కాసేపటికి దానికి ఊపిరాడదు, పడిపోతుంది. లేపుతాను. మళ్ళీ పడిపోతుంది. నువ్వు వస్తున్నానని ఫోను చెయ్యగానే శాలువా తీసి బీరువాలో దాచేసి, ఏమీ ఎరగనట్టు తలుపు తీస్తాను. నీ దుకాణంలో ఎందుకు పడిపోదో అర్థమైందా?

ఏమిటలా చూస్తావు? తిట్టు.

ఏమన్నావు? కప్పకుండా ఉంటే చాలా? బ్యాటరీ తియ్యక్కర్లేదా? సార్ అంకెల్లో ఏ లోపమూ లేదా? ఇంకోసారి అను. లక్షణంగా పెట్టారా?... ఆయన వినవలసిన మాట నాయనా ఇది. నేను వింటున్నాను, చూడు.

మరి, కప్పకపోతే పెట్టె వెచ్చగా ఉంటుందా? ఉండదా. వెనకనుంచి వేడిగాలి పోతుందంతే.

గాలి. ఊఁ.

సరే. బీరువా కింది అరలో ఉంది. నువ్వే తీసుకో. నీ దగ్గరే ఉంచు. ఇక్కడుంటే రేపు తెల్లారేసరికి మళ్ళీ కప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

ఉతకలేదు. ఏమీ అనుకోకు.