పెన్సిల్‌తో రాసిన ప్రశ్నలు

టేబుల్ మీద రెండు అకౌంటింగ్ కోర్సుల అప్లికేషన్లు పరిచి, మరిది చిన్న కోర్సుదాన్ని వదిన ముందుకు జరిపాడు. అన్న పోయి ఏడాది కావస్తున్నా, ఆయన పుస్తకాలు ఇంకా ఆ టేబుల్ చివరే ఉన్నాయి.

“ఇది ఏడాదిన్నరే, వదినా. మీ ఆఫీసులో బుక్‌కీపర్ నుంచి సీనియర్ అకౌంటెంట్ అవడానికి ఇది చాలు. పెద్ద కోర్సు జోలికి పోకండి.”

“మీ అన్నయ్య నాలుగేళ్లు చదివింది అదేగా.”

“చదివి ఏమైంది? ఒక్క పేపరు మూడుసార్లు పోయింది. ఆ దిగులుతోనే సగమైపోయాడు.”

“ఆ పేపరు పుస్తకమే ఇది. నిన్న దుమ్ము దులుపుదామని తీశాను. అంచున పెన్సిల్ రాత చూడు.”

“‘ఇది తనని అడగాలి.’ ఎవర్ని?”

“పేజీ తిప్పు.”

“ఇక్కడా అదే... ‘తను రోజూ చేసే పనే, అడగాలి’... మిమ్మల్నా, వదినా?”

“నన్నే. తరుగుదల లెక్కలు, ఏడాది చివరి సర్దుబాట్లు... అన్నీ ఆఫీసులో నేను కళ్లు మూసుకుని చేసేవే.”

“మరి అడిగాడా?”

“ఒక్కసారీ అడగలేదు. చదువు ఎలా సాగుతోందంటే, బాగానే ఉందనేవారు.”

“బుక్‌కీపర్ని అడగడమేంటి అనుకున్నాడేమో.”

“పెళ్లాన్ని అడగడమేంటి అనుకున్నారు. నేను మాత్రం? ఒక్కరోజైనా పక్కన కూర్చుని ఆ పుస్తకంలోకి తొంగి చూశానా?”

మరిది పుస్తకం మూసి, మిగతావాటి మీద పెట్టాడు.

“ఈ పుస్తకాలు పనికిరావు, వదినా. సిలబస్ మారిపోయింది.”

“కొత్తవి కొంటాను. ఆ పెద్ద కోర్సు అప్లికేషన్ ఇటివ్వు. ఆయన అడగనివాటికి ఎక్కడో ఒకచోట జవాబు చెప్పుకోవాలి కదా నేను.”