ఏలిక్కుట్టి ముంచిన పడవ

ఏంటమ్మాయ్, మొహం అలా పెట్టావు? చాయ్ ఉప్పగా ఉందా? చక్కెర బదులు ఉప్పేశావనుకుని బెంగపడకు, మా నీళ్ళే అంత. నువ్వు కొండల మీంచి వచ్చిన పిల్లవి, తియ్యటి నీళ్ళు తాగి పెరిగావు. నా మనవడు పెళ్ళికి ముందు చెప్పలేదా ఈ సంగతి? చెప్పడులే, చెబితే నువ్వొస్తావా? ఒకప్పుడు ఇలా ఉండేది కాదు తల్లీ. బాతుల ఏలిక్కుట్టి ఉన్నన్నాళ్ళూ ఉండేది కాదు. ఎవరా? మా వీధి చివర ఉండేది. అబ్బ, ఏం ఆడమనిషి! నాకంటే పెద్దది, నన్ను చూస్తే చాలు, "ఒరేయ్ పాప్పచ్చా, ఖాళీగా కూర్చున్నావా?" అనేది. పని చేస్తూ కనబడ్డా అదే మాట. మొగుడు లోనప్పన్ పోయాక అతని పడవా, బాతుల మందా, ఆ నోరూ, అంతే ఆమె ఆస్తి. కోతలైన పొలాల్లో బాతుల్ని మేపుకుంటూ ఆ పడవలోనే తిరిగేది, వండుకునేది, పడుకునేది.

ఏం చెబుతున్నానూ... ఆఁ, ఉప్పు. మన కాలవ వెళ్ళి కాయల్ సరస్సులో కలుస్తుంది కదా, దాని వెనకాల సముద్రం. వానలు తగ్గాక ఆటుపోట్లకి ఉప్పునీళ్ళు పైకెక్కొస్తాయి. అందుకని ఏటా క్రిస్మస్ ముందు పంచాయతీ డబ్బుతో కాలవ మూతి దగ్గర కొబ్బరి మొద్దులు పాతి, మట్టి బస్తాలేసి కట్ట కట్టేవాళ్ళం. వానలు రాగానే తెగ్గొట్టేవాళ్ళం. ఆ ఏడు ఏమైందీ, దీపావళి నాటి తులామాసం వానలు ఎగ్గొట్టాయి. నదిలో నీళ్ళు లేవు, ఉప్పు ముందే దిగబడింది. ముందెవరికి తెలిసింది? బాతులకి. ఏలిక్కుట్టి బాతుపిల్లలు వరసగా చచ్చిపోయాయి. చచ్చినవాటిని బుట్టలో వేసుకుని పంచాయతీ ఆఫీసుకెళ్ళింది. ప్రెసిడెంటు ముక్కు మూసుకుని, "చేచీ, అక్కా, టెండరు అవ్వాలి, పైనుంచి సంతకం రావాలి, కొంచెం ఓపిక పట్టాలి" అన్నాడట. "ఉప్పుకి చెప్పు నాయనా ఓపిక పట్టమని!" అని బుట్ట అక్కడే వదిలేసి వచ్చేసింది. మేమేం చేశాం? ఏం చేస్తాం, కల్లు దుకాణం దగ్గర కూర్చుని ప్రెసిడెంటుని తిట్టాం. అందులో మావాళ్ళకి సాటి లేదు. వరి మొక్కల కొసలు ఎర్రబడుతున్నాయి, బావుల్లో నీళ్ళు ఉప్పగా అవుతున్నాయి, మేం తిడుతూనే ఉన్నాం.

ఒక పొద్దున పోటు తీసి నీళ్ళు తగ్గినప్పుడు చూస్తే, ఆవిడ పడవ కాలవ మూతికి అడ్డంగా నిలబడి ఉంది. నిండా బంకమట్టి. గడ్డపారతో అడుగుపలక పొడుస్తోంది. నేను పరిగెత్తి, "చేచీ, పిచ్చెక్కిందా, అది లోనప్పన్ అన్న పడవ!" అని అరిచాను. "ఎవరి పడవో నాకు తెలీదనుకున్నావా? నోరు మూసి మట్టి పట్రా!" అంది. బుడబుడమంటూ పడవ దిగిపోయింది. ఆవిడ మెడలోతు నీళ్ళలో నిలబడి, గట్టు మీద చేరిన ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి తిట్టడం మొదలెట్టింది. నీ తాత ఇలా, నీ పెళ్ళాం అలా... ఊరిమీద ప్రేమతో కాదమ్మాయ్, ఆ తిట్లు పడలేక మట్టి మోశాం అందరం. ప్రెసిడెంటు కూడా పంచె ఎగ్గట్టి దిగాడు! సాయంత్రానికి కట్ట పడింది. ఆ ఏడు పంట దక్కింది, బావులూ దక్కాయి. ఆవిడకి దక్కిందేంటి? కాలవ మూసిందని పోలీసు కేసు. రొయ్యల చెరువులవాళ్ళు పెట్టారు, వాళ్ళకి ఉప్పునీళ్ళు కావాలి మరి. బాతుల్ని చూసేవాళ్ళు లేరని మందనంతా తోలుకుని స్టేషనుకెళ్ళింది. ఎస్సై దండం పెట్టి, "అమ్మా, ముందు వీటిని బయటికి తోలు, కేసు సంగతి తర్వాత" అన్నాడట. ఆ తర్వాత మళ్ళీ పిలవలేదు.

వానలొచ్చి కట్ట తెగ్గొట్టాక పడవ తవ్వి తీశాం. రెండు ముక్కలైపోయింది. ఆవిడ పలకల మీద చెయ్యేసి కాసేపు నిమిరి, "పొయ్యిలోకైనా పనికొస్తాయి, తీసుకోండ్రా" అంది. తను మాత్రం ఒక్క చెక్క కూడా తీసుకోలేదు. పడవ లేకుండా బాతులేంటి? అమ్మేసి, కూతురి దగ్గరికి అవతలి లంకకి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాకే గవర్నమెంటువాళ్ళు సిమెంటుతో షట్టరు కట్టారు. రిబ్బన్లు, ఉపన్యాసాలు, లడ్లు. ఒట్టి ఇనుము, ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళుంటుంది? తుప్పు పట్టింది. ఇప్పుడు మూయాల్సినప్పుడు మూసుకోదు, తెరవాల్సినప్పుడు తెరుచుకోదు. వానలకి నెల తెలీదు, సముద్రం ఏటికేడూ పైకొస్తోంది, మావాళ్ళేమో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి ఫోన్లు చూసుకుంటారు! ఒక్కడన్నా కదిలితే ఒట్టు.

ఆవిడ పోయింది నడి వానాకాలంలో. ఇక్కడి చర్చి మట్టిలోనే పెట్టమందట. శవపేటికని పడవలో తెస్తుంటే షట్టరు మూసుకుపోయి ఉంది. తాళం ఎవరి దగ్గరుందో ఎవడికీ తెలీదు. ఇవతల గట్టున ఫాదరు గొడుగు పట్టుకుని తడుస్తున్నాడు. చివరికి పేటికని పైకెత్తి, ఆ సిమెంటు గట్టు మీంచి చేతులు మార్చుకుంటూ ఇవతలికి దింపాం. ఒకటే వాన. కూతురు వెనకాలే నడుస్తూ, "మా అమ్మే ఉంటే ఈపాటికి దీన్ని పగలగొట్టేది" అంది. మెల్లగానే అంది. మోస్తున్నవాళ్ళందరికీ వినపడింది.

...

చేపలావిడ కేకేస్తోంది, వినపడలేదా? వెళ్ళు, మత్తి చేపలుంటే చూడు.