ఎలుగుబంటికి సరిపోయే తుపాకి

వయోమింగ్ కొండల కింద, బండిదారి ఆగిపోయి కాలిబాట మొదలయ్యే చోటు. సెప్టెంబరు ఉదయం. అయిదు కంచరగాడిదలు, వాటికి ముందు నడిచే గంట కట్టిన తెల్ల ఆడగుర్రం, రెండు జీను గుర్రాలు సిద్ధంగా ఉన్నాయి. వెర్నా కొడుకు డెల్ తొమ్మిది రోజుల ఎల్క్ దుప్పి వేటకి మొట్టమొదటిసారి కొండెక్కుతున్నాడు. ఆమె మరిది ఓరిన్ తన కొట్టం ముందు సామాను కడుతున్నాడు. సాగనంపడానికి వచ్చిన వెర్నా ఇంకా సాగనంపలేదు.

"ఈ పక్క సంచి నాలుగు పౌన్లు ఎక్కువ తూగుతోంది వదినా. ఇందాక తూచినప్పుడు రెండు పక్కలా సరిసమానం."

"నన్నెందుకు చూస్తావు ఓరిన్. మంచు పట్టి బరువెక్కి ఉంటుంది."

"మంచు పట్టి పీచ్ పళ్ళ సీసా అయిందా?"

"ఒక్క సీసా."

"రెండు."

"రెండోది అవతలి పక్క పెడదామనే తెచ్చాను. ఈలోగా నువ్వొచ్చి తూచావు. ఇరవై ఆరేళ్ళు మీ అన్నయ్యకి సర్దినదాన్ని, గాడిదకి ఒక పక్క బరువైతే జీను తిరిగిపోతుందని నాకు తెలియదా? అందుకే ఏది తెచ్చినా జతగా తెస్తాను."

"అమ్మా, ఈ పంటినొప్పి తైలం కూడా జతేనా?"

"పెట్టు, పెట్టు లోపల. పైన పన్ను నొప్పి పుట్టదని నీకెవరైనా రాసిచ్చారా?"

"నాకు పళ్ళన్నీ బాగానే ఉన్నాయి."

"మీ మేనమామవీ బాగానే ఉండేవి. రెండో రోజు దవడ గుమ్మడికాయంత అయింది. అయినా పన్ను సంగతి తర్వాత. తుపాకి ఏది?"

"అదిగో, జీనుకి కట్టాను."

"అది చిన్నది."

"టూ సెవెంటీ రకం అమ్మా. చిన్నదేం కాదు. ఎల్క్‌కి ఎక్కువే."

"ఎల్క్ గురించి ఎవడికి బెంగ? ఎల్క్ నిన్నేం చేస్తుంది, పారిపోతుంది. నేను ఎలుగుబంటి గురించి మాట్లాడుతున్నా. నాన్నది తీసుకెళ్ళమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. త్రీ థర్టీ ఎయిట్. దాని తూటా చూస్తేనే ధైర్యంగా ఉంటుంది. దీనిది చూడు, పెన్సిల్ ముక్కలా ఉంది."

"నాన్నది బరువు."

"మోసేది గుర్రం."

"దానికి తూటాలు కొనలేదు."

"నేను కొన్నాను. రెండు పెట్టెలు. పక్కకొకటి."

"అమ్మా, ఆ తుపాకి ఇంట్లో ఉంది కదా. ఇప్పుడు నలభై మైళ్ళు వెనక్కెళ్ళి..."

"బండిలో ఉంది. దుప్పటి కింద."

"నీకు తెలుసా బాబాయ్ ఈ సంగతి?"

"నన్ను లాగకు. నేను తాళ్ళు బిగించేవాణ్ణి."

"ఏమిట్రా డెల్, ఆ తుపాకి పేరెత్తితే మొహం అలా పెడతావు. మీ నాన్న ఇరవై ఆరు సార్లు దాన్ని పట్టుకునే కొండెక్కాడు, ఇరవై ఆరు సార్లూ నిక్షేపంగా దిగాడు. దాని చలవే. నాకు తెలిసింది అంతే. నువ్వు దాంతో వెళ్తే వెళ్తావు, లేకపోతే లేదు."

"నాకు ముప్పై నాలుగేళ్ళు అమ్మా."

"అయితే?"

"నా ఈడువాళ్ళందరూ పదిహేనో ఏట నుంచీ వెళ్తున్నారు. నన్ను ఒక్క ఏడు పంపించావా? నాన్న వెళ్తే నేను ఇంట్లో. ఎప్పుడూ నేనే ఇంట్లో."

"ఇద్దర్నీ ఒకేసారి పంపించి, ఒకే లోయలో ఇద్దర్నీ పారేసుకుని, నన్నేం చెయ్యమంటావు? మంచు తుపానుకి ఒకడు దొరికితే చాలు, ఇద్దరెందుకు? ఎవరో ఒకరు మిగలాలి."

"నాన్న మోకాలు చెడిపోతే గానీ నా వంతు రాలేదు. వచ్చే ఏడు ఆ మోకాలు బాగుపడిందనుకో, మళ్ళీ నేను ఇంట్లో. నాకున్నది ఈ ఒక్క ఏడే. దాన్ని పీచ్ పళ్ళ దగ్గరా తూటాల దగ్గరా ఆపేయకు."

"ఎవరాపారు? పెద్దది పట్టుకెళ్ళు, ఇప్పుడే దారివ్వనూ?"

"వదినా, ఎండ పడుతోంది. పైన విడిది చేరేసరికి ఆరు గంటలు పడుతుంది. ఒక పని చేద్దాం. నా గాడిదల వెంట వచ్చేవాడు ఎవడైనా, ఎంత మొనగాడైనా, బయల్దేరే ముందు వంద గజాల దూరంలో కాగితప్పళ్ళాన్ని కొట్టి చూపించాలి. తగిలితే జీను ఎక్కుతాడు. తగలకపోతే ఇంటికి పోతాడు. గాయపడ్డ ఎల్క్ వెనక మూడు రోజులు నేను తిరగలేను. వీడూ కొట్టాలి కదా, నువ్వన్న తుపాకితోనే కొట్టమందాం."

"బాబాయ్."

"ఏరా?"

"చిన్నదాంతో కొడతాను."

"మీ అమ్మ పెద్దది అంటోంది."

"అదీ మాట. మా మరిదికి ఉన్న బుద్ధి నీకు లేదు. ఆగు, తెస్తాను. నువ్వు తాకకు, నేనే తెస్తాను. మీ నాన్న దీన్ని ఎంత బాగా చూసుకుంటాడో చూడు. కొండ దిగి వచ్చిన రోజున కూడా గొట్టం అద్దంలా మెరిసేది, మసి అన్నమాటే ఉండేది కాదు. అంత శ్రద్ధ."

"అవునవును. అన్నయ్యకి శ్రద్ధ ఎక్కువ. ఇటివ్వు వదినా, తూటా నేను పెడతాను. డెల్, ఆ దుంగ వెనక కూర్చో. పళ్ళెం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"గాలి లేదు. నీ ఇష్టం వచ్చినప్పుడు."

"ఉండు, ఉండు. భుజానికి గట్టిగా ఆనించుకున్నావా? వెనక ఎవరూ లేరు కదా? గాడిదలు బెదిరితే? ఓరిన్, ఒకవేళ గొట్టంలో కందిరీగ గూడు కట్టి ఉంటే?"

"వదినా, చెవులు మూసుకో."

పేలింది. పళ్ళానికి చాలా ఇవతల, నేల మీద దుమ్ము లేచింది. గాడిదలు చెవులు కదిపి ఊరుకున్నాయి.

"తగిలిందా?"

"నేలకి తగిలింది."

"ఆ పళ్ళెం వంకరగా పెట్టావు ఓరిన్. నేను చెప్దామనే అనుకున్నాను."

"వంకర పళ్ళెమైనా నేల మీద లేదు కదా వదినా. ఇంకొకటి కొట్టరా. ఇదిగో, మళ్ళీ నేనే పెడుతున్నాను. నిదానంగా."

టిక్కుమంది. అంతే. పేలలేదు. కానీ తుపాకి గొట్టం మూరెడు కిందికి వాలింది, డెల్ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"అయ్యో, పాడైపోయింది. పేలలేదు. చూశావా, ఎలుగుబంటి మీదికి వస్తున్నప్పుడు ఇలాగే అయితే?"

"పాడవలేదు వదినా. నేను పెట్టింది తూటా కాదు, పేలిపోయిన ఖాళీ తొడుగు."

"ఖాళీదా? మరి వాడు ఎందుకలా ఉలిక్కిపడ్డాడు?"

"తన్నుతుందని ముందే బెదురుతున్నాడేమో చూడ్డానికే పెట్టాను."

"డెల్, కళ్ళు తెరువు నాయనా. అయిపోయింది."

"తెరిచే ఉన్నాయి."

"ఇప్పుడు తెరిచావు. ఏమిట్రా ఇది? తుపాకి పట్టుకుని కళ్ళు మూసుకోవడమేమిటి?"

"ఏం లేదు."

"డెల్, ఆ కనుబొమ్మ మీద గాటు ఎప్పటిది?"

"పోయిన వారం బాబాయ్. వంటింటి అలమర తలుపు."

"అర్ధచంద్రాకారంలో కోసే తలుపా? మీ ఇంట్లో అలమరకి కూడా దుర్భిణి బిగించారన్నమాట."

"అంటే? ఓరిన్, నాకర్థమయ్యేట్టు చెప్పు. అది అలమర కాదా? నేను ఆ తలుపు అంచుకి పాత చొక్కా ముక్క చుట్టి మేకులు కొట్టానే?"

"తుపాకి వెనక్కి తన్నినప్పుడు పైనున్న దుర్భిణి వచ్చి కనుబొమ్మ కోస్తుంది వదినా. ఈ గాటు ఉన్నవాళ్ళు ఈ కొండల్లో చాలామంది ఉన్నారు. అందరికీ తలుపే తగిలింది."

"డెల్?"

"సరే అమ్మా, సరే. కంకర గోతుల దగ్గర సాధన చేశాను. నీకోసమే. పెద్దది పట్టుకెళ్తే నువ్వు కుదుటపడతావని. నాలుగు తూటాలు కాల్చాను. మొదటిది కనుబొమ్మ కోసింది, రెండోది భుజం. ఆ తర్వాత మీట మీద వేలు పెడితే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి. అది తుపాకి కాదు, గాడిద వెనక కాళ్ళు. చాలా?"

"ఏదీ, భుజం చూపించు."

"అమ్మా."

"చూపించు. ఓరిన్, చూడు, వంకాయ రంగు. ఎముక విరిగిందేమో. విరిగినా చెప్పడు వీడు. పంటినొప్పి తైలం ఇటివ్వు."

"అది పంటికి అమ్మా."

"నొప్పి నొప్పే."

"వదినా, వాణ్ణి చిన్నదాంతో ఒకసారి కొట్టనివ్వు. భుజం తర్వాత రుద్దుదువుగాని."

వరసగా నాలుగు పేలుళ్ళు. ఓరిన్ వెళ్ళి పళ్ళెం పట్టుకొచ్చాడు.

"ఇదిగో. నాలుగూ లోపలే. ఈ మూడింటి మీదా కాఫీ కప్పు బోర్లించొచ్చు. ఇక ఎక్కరా జీను."

"ఎక్కడు."

"అమ్మా, నాలుగుకి నాలుగు."

"పళ్ళెం కదా, కదలకుండా కూర్చుంది. అది నీ మీదికి పరిగెత్తుకొస్తుందా? నిన్ను కొరుకుతుందా? పెద్దది పట్టుకుంటే నువ్వు కళ్ళు మూసుకుంటావు. చిన్నది పట్టుకుంటే ఎలుగుబంటి కళ్ళు మూసుకోదు. ఇంకేముంది, రెండు దార్లూ ఒక చోటికే. ఓరిన్, సామాను దింపు."

"వదినా, రెండు గంటల సేపు కట్టాను."

"దింపుతావా, నన్ను దింపమంటావా?"

"డెల్, అటెళ్ళి తెల్లగుర్రం కాళ్ళు చూసి రా."

"బాగానే ఉన్నాయి బాబాయ్, ఇందాకే..."

"ఇంకోసారి చూడు. నాలుగూ."

"... సరే."

"వదినా, ఇటు రా. ఇలా కూర్చో. నేను అన్నయ్యకి ఒక మాటిచ్చాను. ఇరవై ఆరేళ్ళయింది. ఇప్పుడు తప్పేలా ఉన్నాను."

"ఏమిటి, మోకాలు కాదా? అతనికి ఇంకేమైనా ఉందా? గుండెనా? నాకు తెలుసు. మొన్న మెట్లెక్కుతూ ఆగాడు."

"గుండె కాదు. మోకాలే. నువ్వు ముందు ఊపిరి తీసుకో. ఆ పెద్ద తుపాకి ఉంది చూశావా, అది కొండెక్కలేదు."

"ఏ ఏడు?"

"ఏ ఏడూ."

"వేళాకోళాలాడకు. ప్రతి ఏడూ నా చేత్తో బండిలో పెట్టాను."

"పెట్టావు. నా కొట్టం దాకా వచ్చేది. అక్కడ గడ్డిమోపుల వెనక పడుకోబెట్టి, తన పాత చిన్న తుపాకి నా దగ్గర దాచుకున్నది ఉండేది, అది తీసుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ మార్చేవాడు. గొట్టం అద్దంలా ఎందుకుండేదనుకున్నావు? పేలిస్తే కదా మసి."

"ఇరవై ఆరేళ్ళా?"

"ఇరవై ఆరు. ఒక ఏడు మధ్యదారిలో గుర్తొచ్చి తిట్టుకున్నాడు కూడా, దాని మీద కాస్త దుమ్మయినా జల్లాల్సింది అని. ఆ కళ్ళు మూసుకోవడం ఉందే, డెల్‌కి కొత్తగా వచ్చింది కాదు. మొదటి ఏడే నేను ఖాళీ తొడుగు పెట్టి చూశాను. అన్నయ్య తుపాకి గొట్టం బూట్ల దాకా వాలింది."

"మరి ఎందుకు... కొన్న దగ్గర్నుంచీ దాన్నే తెగ పొగిడాడే? ఎలుగుబంటిని నిలువునా ఆపుతుందని చెప్పింది అతనే కదా?"

"నువ్వు పడుకోవాలని."

"నేను పడుకోలేదు ఓరిన్. ఏ ఏడూ సరిగ్గా పడుకోలేదు. కానీ మధ్యలో ఎప్పుడైనా కునుకు పడితే, ఆ తుపాకి అతని పక్కన ఉందనే పట్టేది."

"అదే వదినా. ఆ కునుకు కోసమే."

"మరి ఎలుగుబంటి? ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి కూడా రాలేదా?"

"వచ్చాయి. ఐదో ఆరో. తిండి చెట్టు మీద ఎత్తుగా కడతాం, గుర్రం మెడలో గంట మోగుతూ ఉంటుంది, నడుముకి కారం చిమ్మే బుడ్డి ఉంటుంది. ఒకదాని మొహాన ఆ కారం కొట్టాను. తుమ్ముకుంటూ పోయింది. తుపాకితో పనిపడ్డ రోజు లేదు. పనిపడితే మాత్రం కళ్ళు తెరిచి కొట్టేవాడు కావాలి, లావుపాటి తూటా కాదు. నీ కొడుకు నాలుగుకి నాలుగు కొట్టాడు."

"ఆ బుడ్డి వాడికి ఉందా?"

"ఉంది."

"రెండు ఉన్నాయా?"

"రెండు ఉన్నాయి. పక్కకొకటి."

"బాబాయ్, నాలుగు కాళ్ళూ చూశాను. నాలుగు కాళ్ళే ఉన్నాయి. ఏమైంది, అమ్మ ఎందుకలా కూర్చుంది? అమ్మా, ఏడుస్తున్నావా? సరేలే, నేను వెళ్ళను. దింపేద్దాం, నేనే దింపుతాను."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది. మీ బాబాయ్ రెండు గంటల సేపు కట్టాడు. ఆ చిన్నది జీనుకి సరిగ్గా కట్టుకో. చొక్కా గుండీలు పెట్టుకో. ఎలుగుబంటి కనిపిస్తే పరిగెత్తకు, చెట్టెక్కకు, దానికి పీచ్ పళ్ళు పెట్టకు."

"అంటే వెళ్ళమనేనా?"

"వెళ్ళమనే. తొమ్మిది రోజులు. పదో రోజు పొద్దెక్కేలోపు రాకపోతే నేనే వస్తాను, చెప్తున్నా."

"మరి నాన్న తుపాకి? బాబాయ్ కొట్టంలో పెట్టి వెళ్ళనా?"

"వద్దు. బండిలో నా పక్క సీట్లో పెట్టు. ఇంటికెళ్ళి మీ నాన్నతో పళ్ళెం పట్టించి, నేనే పేల్చి ఆ గొట్టానికి మసి అంటించాలి."