ఎర్రబోరులో ఆగిన కారు

ఎర్రబోరు రోడ్డు పక్కన భీమే అనే ఆమె ఇల్లు. వాకిట్లో తెల్ల కరెంటు కారు, దాని నుంచి వంటగది కిటికీలోకి పోయిన నల్ల వైరు. ముందరి గదిలో మంచం మీద ఏడేళ్ల ఈశ్వరి ముడుచుకుని పడుకుంది. తల్లి సమ్మక్క గడప దాటకుండానే వాకిట్లోని మరిదితో మాట్లాడుతోంది.

“ఇంకెంతసేపు సీతారాములూ?”

“అయితాంది వదినె.”

“అయితాంది అయితాందని పొద్దటి సంది అంటనే ఉన్నవు. ఎండ నెత్తి మీదికొచ్చె.”

“ఇది ఇంటి ప్లగ్గు గదా, మెల్లగనే ఎక్కుతది. పెద్ద మిషనున్న కాడైతే ఇంతసేపు పట్టది.”

“ఆ పెద్ద మిషను యాడుంది?”

“జగదల్‌పూర్ దిక్కు ఉంటదంట.”

“మనం పోయేది భద్రాచలం. మిషనేమో జగదల్‌పూర్‌ల. మంచిగుంది.”

“నన్ను తిడితే చార్జింగెక్కుతదా వదినె?”

“తిడ్తలేను. అడుగుతున్న. పెట్రోలు బండైతే బంకు కాడ రెండు నిమిషాలు. బంకు లేకుంటే కిరాణం. అగో, ఆ మూల దుకాణంల సీసల్ల పోసి వరసబెట్టిండు, కనపడ్తలేదా? కరెంటు సీసల పోసి అమ్ముతరా ఎవరన్న?”

“అమ్మరు గానీ…”

“పెట్రోలు బండి కల్లు తాగేటోని లెక్క. గటగట తాగుతది, లేచిపోతది. ఇదేమో జొరమొచ్చిన పసిపిల్ల పాలు తాగినట్టు. ఇంత చప్పరిస్తది, ఇంత పండుకుంటది.”

“మా ఓనరు సేఠ్ ఏమంటడో తెల్సా? పెట్రోలు కోసం మనం బంకుకు పోవాలె, కరెంటైతే మన ఇంటికే వస్తది అంటడు. రాత్రి వైరు పెట్టి పండుకుంటే తెల్లారేసరికి నిండుతదంట.”

“సేఠ్ పండుకోవచ్చు. ఆయన బిడ్డకు బొక్కల నొప్పి లేదు. బయలెళ్లేటప్పుడన్న చూసుకోవద్దా? దోర్నపాల్ దాటి ఇంత దూరం రాంగనే ఎర్ర లైటొచ్చె.”

“సేఠ్ నిన్న బాగ తిప్పిండు వదినె. నువ్వేమో ఏడుసుకుంట వస్తివి. ఆ గాబరల చూడలే.”

“అక్కా, జావ తాగు. పొద్దటి సంది ఏం తినలే నువ్వు.”

“వద్దు భీమే.”

“నువ్వే పడిపోతే బిడ్డనెవరెత్తుకుంటరు? తాగు. సూదికి తగ్గిందా?”

“జర కళ్లు మూసింది. ఎక్కువసేపు ఆగదని నర్సమ్మ అననే అన్నది. సికిల్ జబ్బు గదా, రక్తం తగ్గితే బొక్కల్ల మేకులు కొట్టినట్టుంటదంట. రక్తం ఎక్కించాలె. ఈమెకు కలిసే రక్తం ఇక్కడ యాడ లేదు. భద్రాచలంల ఒక్క సీస దొరికింది, మా అన్న భూషణం ఫోన్ చేసిండు. చీకటి పడేదాక ఆపుతరంట. రాకుంటే ఇంకోళ్లకు ఎక్కిస్తరు. వాళ్లదీ పాణమే గదా.”

“సర్కారు దవాఖాన బండి?”

“కాన్పు కేసు మీద లోపలి ఊర్లకు పోయిందంట. ఎప్పుడొస్తదో వాళ్లకే తెల్వది.”

“మీ ఆయన?”

“మిరపకాయలు ఏరను పోయిండు. ఫోను కలుస్తలేదు. నిన్ను గూడ శానా కష్టపెడ్తున్నం భీమే. ఫ్యాను బంద్ చేయిస్తిమి, ఫ్రిజ్జు బంద్ చేయిస్తిమి.”

“ఫ్రిజ్జుల ఏముందక్కా, నీళ్లే. ఈ తమ్ముడే అన్నడు గదా, ఇంట్ల ఒక్కటి తిరిగినా వోల్టేజి పడిపోతది, కారుకు చాలదని. పక్కింటి పొజ్జాకు గూడ చెప్పిన, మోటరు పెట్టకు, బిడ్డ బండి కరెంటు తాగుతాందని. ఆయన నవ్విండు. సెల్లుకు చార్జింగు పెట్టమని అందరొస్తరు, కారుకు పెట్టమని వచ్చినోళ్లు వీళ్లేనా అని.”

“నవ్వనీ. మోటరు పెట్టకుంటే చాలు… సీతారాములూ, ఫోను మోగుతాంది.”

“మోగనీ వదినె.”

“ఎవరు?”

“కంపెనోళ్లు. లోనిస్తమంటరు.”

“మళ్ల మోగుతాంది.”

“రోజూ గిదే లొల్లి.”

“ఎత్తి వద్దని చెప్పరాదు? బిడ్డ లేస్తది.”

“ఆగింది చూడు. సరే, నేను జర రోడ్డు మీదికి పోయొస్త. ఇక్కడ సిగ్నలు లేదు.”

“లోనోళ్లతోని మాట్లాడను సిగ్నలు కావాల్నా?”

“ఇప్పుడే వస్త వదినె.”

“ఏందో వీని తీరు. భీమే, నువ్వు చెప్పు, ఈ కారు యాడన్న మధ్యల ఆగిపోతే ఎట్ల? పెట్రోలు బండి ఆగితే లారీ డ్రైవరన్న ఇంత పోసిపోతడు. ఇది అడివిల ఆగితే ఎవర్నడగాలె? చెట్టుకు ప్లగ్గుంటదా?”

“ఊరికె భయపడకక్కా. నిన్నైతే రోజంతా కరెంటే లేదు. ఇయ్యాల ఉంది. మీ బిడ్డ అదృష్టమే.”

“అమ్మా…”

“ఏం తల్లీ? నొస్తున్నయా? ఇటు తిరుగు. మెల్లగ.”

“కారు నిండిందా?”

“నిండుతాంది. అగో, మీ బాబాయొచ్చిండు, అడుగు.”

“బాబాయ్, ఎంతయింది?”

“నలభై, బిడ్డ.”

“అంత పొడుగు మాట్లాడివస్తివి, ఎవర్రా ఫోన్ల? మొకమేంది అట్లైంది?”

“ఎండకు వదినె. జర తప్పుకో, ప్లగ్గు వేడెక్కిందేమో చూసొస్త.”

“చూడు. కాలితే భీమే ఇల్లు పోతది… ఏమైంది? మంచిగనే ఉందా?”

“మంచిగనే ఉంది.”

“బస్సు! సీతారాములూ, హారను ఇనపడ్తాందా? కుంట బస్సు! ఉరుకు, చెయ్యెత్తు, ఆపు!”

“వద్దు వదినె!”

“వద్దేంది? నేను బిడ్డనెత్తుకొస్త, నువ్వు ఆపు!”

“బస్సుల ఎట్ల కూసుంటది? కుదుపు కుదుపుకు ఏడుస్తది. పొద్దున కార్లెక్కియ్యంగనే ఎట్ల అరిచిందో మర్శినవా?”

“ఏడిస్తే ఏడవనీ! పోతది గదా!”

“అది కుంట ఊరి దాకనే, అక్కడ దిగి మళ్ల ఇంకో బండి పట్టాలె. అదెప్పుడు దొరుకుతదో. పది నిమిషాలు వదినె, పది నిమిషాలల్ల మనం కదిలి ఆ బస్సును దాటేస్తం.”

“పక్కా?”

“పక్కా.”

“నీ మాట మీద ఇడిసిపెడ్తున్న సీతారాములూ. చూడు. నీ మాట మీద… పోయింది. భీమే, మళ్ల బస్సెప్పుడు?”

“ఇంక సాయంత్రమే అక్కా.”

“సరే. పది నిమిషాలే గదా. సీతారాములూ, ఆ తలుపు తెరువు, ఎంతెక్కిందో నేనే చూస్త. లోపల అంకెలు పడ్తయి గదా. అంకెలు నాకొస్తయి. ఐదు దాక చదివిన.”

“తలుపు తెరిస్తే కరెంటు తగ్గుతది వదినె.”

“తలుపుకూ కరెంటుకూ ఏం సంబంధం?”

“లోపల లైటెలుగుతది గదా.”

“ఏం బండిరా ఇది, ముట్టుకుంటే ముడుచుకపోయే ఆకు లెక్క!”

“అమ్మా, కాళ్లు.”

“ఒత్తుతున్న తల్లీ. ఇగో, ఇట్ల. బాబాయ్ కారు తీస్తడు.”

“బాబాయ్, ఇప్పుడెంత?”

“నలభై.”

“ఇందాక గూడ నలభయ్యే అన్నవు.”

“…మెల్లగ ఎక్కుతది బిడ్డ.”

“పది నిమిషాలు దాటింది సీతారాములూ. ఆ ఫోను దిక్కే చూస్తవు, బిడ్డ దిక్కు చూడవు. యాడికి మళ్ల?”

“రోడ్డు మీదికి. ఒక్క నిమిషం.”

“పో. పో. లోను తెచ్చుకో… భీమే! ఫ్యాను తిరుగుతాందేంది?”

“నేనే ఏసిన. బిడ్డకు చెమట పడ్తాంది గదా.”

“అయ్యో, కారుకు చాలదు గదా! బంద్ చెయ్యి తల్లీ, బంద్ చెయ్యి!”

“కారుకు అయిపాయె గదా అక్కా. ఆ తమ్ముడే వచ్చి ప్లగ్గు పీకిండు.”

“ఎప్పుడు?”

“బస్సు రాకముందు. ప్లగ్గు చూసొస్తనని లోపలికి రాలే? అప్పుడే. ఇంక ఫ్రిజ్జు గూడ పెట్టుకో అక్కా అన్నడు. నీకు చెప్పలేదా?”

“బస్సు రాకముందా?”

“అవునక్కా… ఏమైంది?”

“సీతారాములూ! ఇటు రా. ఇటు రారా!”

“మెల్లగ వదినె, అందరు చూస్తున్నరు.”

“చూడనీ. బండికి చార్జింగుందా, లేదా?”

“…ఉంది.”

“ఎంత?”

“భద్రాచలం పోను సరిపోతది.”

“మరి? బిడ్డ మూలుగుతాంది. బస్సు పోయింది. మరి?”

“కదలదు వదినె.”

“చెడిపోయిందా?”

“చెడలే. తాళం పడింది.”

“తాళంచెవి నీ చేతిలనే ఉంది గదా!”

“ఈ తాళం కాదు. ఇంకోటి సేఠ్ ఫోన్లుంటది. రాయపూర్‌ల కూసొని ఒత్తిండు. బంద్ చేసి పెట్టిన బండి మళ్ల స్టార్టు కాకుంట.”

“సేఠ్‌కు చెప్పి తెచ్చినన్నవు. చెప్పలేదా?”

“చెప్తే ఇయ్యడు వదినె. ఊళ్ల లేడు గదా, ఏం తెలుస్తది, పోయి సాయంత్రానికి వచ్చేస్త అనుకున్న. పాత జీపు రెండుసార్లు తీసుకపోయిన, తెల్వనే తెల్వలే. అది రిపేరుకు షెడ్డుల పడింది. ఇది యాడ తిరిగినా ఆయన ఫోన్ల చుక్క లెక్క కనపడ్తదంట. నాకేం తెల్సు?”

“పెట్రోలు బండైతే దొంగతనంగ తెచ్చినా పోయేది.”

“పోయేది.”

“అయితే పొద్దటి నుంచి మోగింది సేఠ్ ఫోనా?”

“ఆయనే.”

“తెలిసీ బస్సునెందుకు పోనిచ్చినవు? ఆ ఒక్కటి చెప్పు నాకు.”

“తాళం తీస్తనన్నడు వదినె. పది నిమిషాలల్ల తీస్తనన్నడు. నమ్మిన. ఇంకోటి… నువ్వు బిడ్డను తీసుకోని బస్సెక్కిపోతే, నేనొక్కణ్ని ఈ బండి కాడ మిగుల్త. దొంగంటరు. పక్కన జబ్బు బిడ్డ ఉంటే ఎవరన్న నమ్ముతరనుకున్న.”

“నా బిడ్డను అడ్డం పెట్టుకున్నవా?”

“కొట్టు వదినె. కొట్టు. ఏమనను.”

“కొడితే బండి కదుల్తదా? ఇప్పుడేమంటాండు సేఠ్?”

“వెనక్కి తెస్తనంటే తీస్తడంట. దోర్నపాల్‌కు. నా మాట నమ్మనన్నడు. ఇంక ఫోనే ఎత్తుతలేడు.”

“నా ఫోన్‌తోని చెయ్యి. కొత్త నెంబరైతే ఎత్తుతడు.”

“హిందీల మాట్లాడాలె వదినె.”

“సంతల కూరగాయలు అమ్మినదాన్ని, నాకొచ్చినంత మాట్లాడ్త. కలుపు.”

“ఇంట్ల సిగ్నలు లేదు. బండి ముందరికి రా, అక్కడ ఒక గీత చూపిస్తాంది.”

“భీమే, గడపల నిలబడు, బిడ్డ మీద ఒక కన్నెయ్యి… మోగుతాంది. ఎత్తిండు. సేఠ్‌జీ, నమస్తే సేఠ్‌జీ. సీతారాములు వదినెను… హా, ఆ కారే. చోరీ నహీ సేఠ్‌జీ, గల్తీ. గల్తీ హోగయా… బేటీ బీమార్ హై, భద్రాచలం… హా. హా. సమజ్ గయీ… వాపస్. వాపసే వస్తం సేఠ్‌జీ, ఇప్పుడే… కసమ్ గూడ కావాల్నా? సరే. బేటీ కీ కసమ్. మేరీ బేటీ కీ కసమ్, దోర్నపాల్‌కే వస్తం.”

“వదినె! ఏందిది? బిడ్డ మీద ఒట్టా?”

“ఊకో. పెట్టేసిండు.”

“ఏమన్నడు?”

“ఏమనలే.”

“అక్కా, కారు లైట్లు మెరిసినయి!”

“తీసిండు… వదినె, తీసిండు. స్టార్టయితాంది!”

“భీమే, బిడ్డ కాళ్లు పట్టు. మోకాళ్ల కింద చెయ్యి పెట్టు. మెల్లగ… అయిపోయింది తల్లీ, అయిపోయింది. ఈ ఫ్యాను కింద కంటె చల్లగుంటది లోపల. భీమే, నీ రుణం ఉంచుకోను.”

“రుణమేంది అక్కా, బిడ్డను నడిపించుకోని రా, అది చాలు.”

“నడువు సీతారాములూ.”

“ఎటు వదినె?”

“ఎటేంది? భద్రాచలం.”

“ఆయన చుక్క చూస్తనే ఉంటడు.”

“చూసుకుంట కూసోమను. నడిచే బండికి తాళం పడదు గదా?”

“పడదు. బంద్ చేస్తేనే. కానీ కుంట చెక్‌పోస్టు కాడ పోలీసోళ్లు ఆపుతరు.”

“ఆపనీ. నువ్వు బంద్ చెయ్యకు. కడుపు నింపుకున్నది గదా, దారిల ఇంకేం అడగదు గదా?”

“అడగదు. అది కాదు వదినె. ఒట్టు… బిడ్డ మీద ఒట్టేసి తప్పితే ఏమయితదో నీకు నేను చెప్పాల్నా?”

“భీమే, నువ్వు గడపల నిలబడి చూసినవు గదా. కసమ్ అన్నప్పుడు నా చెయ్యి యాడుండె?”

“…బండి మీద అక్కా. ఈ ముందరి రేకు మీద.”

“ఇన్నవా? చెయ్యి దేని మీదుంటే ఒట్టు దాని మీదనే. తప్పితే చచ్చేది ఈ బండే. చావనీ, భద్రాచలం చేరినంక.”