అన్నిటికీ గొడుగే

ఆగండాగండి డాక్టరమ్మా, అలా దిగిపోకండి. కార్డులు సంచీలో పడేసుకుంటే పరీక్ష అయిపోయినట్టేనా? గుర్రం బొమ్మ చూపించారు, "గొడుగు" అంది మా అత్తయ్య. తాళం బొమ్మ చూపించారు, "గొడుగు" అంది. ఓడకీ గొడుగే, గడియారానికీ గొడుగే. మీరు తప్పు, తప్పు, తప్పు అని గీతలు కొట్టుకుంటూ పోయారు. గొడుగు బొమ్మ వచ్చినప్పుడు మాత్రం ఒక్క ఒప్పు. అబ్బో, ఎంత దయ!

ఏంటీ, మీరు డాక్టరు కాదా? పోయిన మాట తెప్పించే మనిషిని ఇంకేమని పిలవాలి? సరే, మెట్ల మీద ఆ పట్టింపులెందుకు గానీ, కాస్త గోడవైపు జరగండి. గొంతు తగ్గించండి. కింద షాపులో మా ఆయనా, వాళ్లక్క మా వదినా కుట్టుమిషను ఆపేసి మరీ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

"ఆవిడకి అన్నీ తెలుస్తున్నాయి" అన్నారనుకోండి, ఎక్కడుండాలో ఆవిడ మాటే చెల్లుతుంది. "ఏమీ తెలియట్లేదు" అన్నారో, మా వదిన సాయంత్రం కార్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోతుంది. అదీ సంగతి. అందుకని నా మాట కాస్త విని మరీ దిగండి.

ముందు నన్నొకటి అడగనివ్వండి. స్ట్రోకొచ్చి మాట మొత్తం పడిపోయిన మనిషికి మీరు మొదటగా నేర్పింది గొడుగా? మంచం దిగని మనిషికి గొడుగెందుకమ్మా? "రా" అనో, "పో" అనో, "ఛీ" అనో నేర్పి ఉంటే దాంతో ఇల్లు నడుపుకునేది కదా!

పలకడానికి తేలికని ఇచ్చారా? ఇచ్చారు, బానే ఉంది. కానీ ఆవిడ ఎలాంటి మనిషనుకున్నారు? షాపులో పీలిక గుడ్డ కూడా పారేయనిచ్చేది కాదు. చేతికి దొరికిన ఆ ఒక్క మాటని ఎన్ని రకాలుగా కత్తిరించుకుందో మీకేం తెలుసు!

పొద్దున్నే "గొడుగూ..." అని సాగదీసిందంటే, తెల్లారి ఇంతసేపైంది ఇంకా పడుకున్నావా అని. "గొడుగ్!" అని కత్తెరేసినట్టు తుంచిందంటే నోర్ముయ్యమని. అది ఎక్కువగా మా ఆయనకే పడుతుంది. టీలో పంచదార తగ్గితే "గొడుగు గొడుగు గొడుగు" అని ఒకటే సణుగుడు.

మొన్న పక్కింటావిడ వచ్చి కూర్చుని తన మోకాళ్ల సంగతంతా ఏకరువు పెట్టింది. మా అత్తయ్య మాట మాటకీ "గొడుగు... గొడుగు..." అని ఊ కొట్టింది. ఆవిడ వెళ్తూ వెళ్తూ నాతో ఏమందో తెలుసా? "మీ అత్తగారు ఇదివరకటి మీద ఇప్పుడే చక్కగా మాట్లాడుతున్నారమ్మా" అంది. నవ్వకండి, ఒట్టు!

మీ కార్డుల్లో లేనిదొకటి చెప్తా వినండి. "గొడుగు" అన్నాక ఆవిడ ఆగుతుంది చూశారూ, కళ్లు ఇలా పైకెత్తి? ఆగిందంటే మననుంచి జవాబు కావాలి. ఆగకుండా మొహం గోడకి తిప్పేసిందంటే తీర్పు అయిపోయింది, ఇక ఎవరూ నోరెత్తకూడదు. అడగడానికొక రాగం, ఆపడానికొక రాగం, బతిమాలడానికి... ఉహూఁ, బతిమాలడానికి మాత్రం ఇదివరకూ లేదు, ఇప్పుడూ లేదు. ఆవిడ వ్యాకరణంలో ఆ అధ్యాయమే లేదు.

వ్యాకరణమంటే గుర్తొచ్చింది. నేను బడి మానేసి మిషనెక్కాను గానీ చదవడం మానలేదు లెండి. లైబ్రరీలో దొరికిందో పుస్తకం, భాష గురించి. మాటని విప్పదీసి ఏ ముక్క ఎక్కడ అతికిందో చూసేవాళ్లు కొందరట. ఎవరి ముందు, ఏ అవసరానికి, ఏ పని చేస్తోందో చూసేవాళ్లు ఇంకొందరట. అసలు వ్యాకరణమే ఆ పనులన్నీ చేసుకోవడానికి తయారైందంటారు వాళ్లు. చదివి, ఓస్ ఇంతేనా అనుకున్నా.

నా మెళ్లో ఈ టేపు చూడండి. టేపంటే ఏంటంటే కొలిచేది అంటారు మీరు. దీంతోనే మూట కడతాను, దీంతోనే ఈగల్ని తోలతాను, మా ఆయన పని మధ్యలో కునికితే వీపు మీద ఒకటి అంటిస్తాను. అంకెలన్నీ చెరిగిపోయినా వీపుకి అర్థం మాత్రం పూర్తిగా అందుతుంది.

నేనే ఊహించుకుంటున్నానంటారా? అలాగా! అయితే ఇది వినండి.

ఆ మధ్య కింద కాలర్ కుడుతున్నాను. పైనుంచి ఒకటే కేకలు, "గొడుగూ! గొడుగూ!" అని. ఏమైందో అని మిషను ఆపి చూద్దును కదా, బాబిన్‌లో దారం అయిపోయి ఇందాకట్నుంచీ ఉత్త సూదే టకటకా కొడుతోందన్నమాట. నా చేతి కిందున్న మిషను సంగతి నాకు తెలియలేదు, పైన మంచంలో ఉన్న మనిషికి చప్పుడు తేడా తెలిసిపోయింది. ఏమీ తెలియని మనిషా అది?

ఇంకోటి. మీలాగే నేనూ పరీక్ష పెట్టాను, మీ కార్డుల కన్నా మొరటుది. ఆవిడ టీ అడుగుతుంటే మా ఆయనతో "టీ వద్దంటున్నారు" అని కావాలనే తప్పు తర్జుమా చేశాను. ఆవిడ చేతిలో ఉన్న స్టీలు గ్లాసు నా చెవి పక్కనుంచి వెళ్లి తలుపుకి తగిలింది. ఆ సొట్ట చూశారుగా లోపల? నేను తప్పు చెప్పిన ప్రతిసారీ గ్లాసు ఎగిరొస్తుంది. ఆవిడతో ఆటలు సాగవు.

వదిన నమ్మదు. ఆదివారం వచ్చినప్పుడు మంచం మీద కూర్చుని, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నేరుగా అడిగింది. "అమ్మా, మా ఇంటికొస్తావా? లిఫ్టుంది, నర్సుని పెడతాను, కింద తోటలో తిప్పుతాను" అని. అబద్ధం కాదు, అవన్నీ ఉన్నాయి. ఇక్కడేముంది, ఈ నిచ్చెన లాంటి మెట్లు తప్ప. ఆవిడ కిందికి దిగి ఎన్నాళ్లైందో!

ఆవిడ "గొడుగు" అంది. అందరూ నా మొహం చూశారు. "రానంటున్నారు" అన్నాను.

"నీకు కావలసినట్టు చెప్పుకుంటున్నావే మరదలా" అంది వదిన. అందుకే ఇవాళ మిమ్మల్ని పిలిపించింది.

అలా చూస్తారేం? మీ చూపు కూడా చదవగలను, నా దగ్గర దాచకండి. "నిజంగా రానందా?" అనేగా?

... టీ ఏమైనా తాగుతారా? వద్దా.

అది మెత్తటి గొడుగు డాక్టరమ్మా. పాలు సరైన వేడిలో ఇస్తే అంటుందే, ఆ గొడుగు. "సరే" అని.

ఎందుకు మార్చి చెప్పానంటారా? నేను కుట్టిన కాలర్ చూసి మా ఆయన బావుందంటాడు. భుజం వంకరపోయినా బావుందంటాడు. చొక్కాకి చేతులు కుట్టకుండా ఇచ్చినా గాలాడుతుంది బావుందంటాడు. పొద్దస్తమానం బావుందనే మనిషితో బతకడం ఎంత కష్టమో మీకేం తెలుసు, మీకింకా పెళ్లి కాలేదు. పెళ్లైన కొత్తల్లో నేను కుట్టిన లంగాని నా ముందే కుట్లు విప్పి మొహాన కొట్టింది ఆవిడ. ఆవిడ వెళ్లిపోతే నా కుట్టుకి వంక పెట్టేదెవరు? నేను ఎవరి మీద పళ్లు నూరుకుంటూ బాగా కుట్టాలి?

నిజమే, నాకోసమే. కాదనడంలేదు.

కానీ నా బాధ అది కూడా కాదు. నేను "రానంటున్నారు" అన్నప్పుడు గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది. నిండుగా నీళ్లున్నాయి. నేను కళ్లు మూసుకుని తల పక్కకి వంచాను కూడా.

విసరలేదు. నావైపు చూసి, నీళ్లు తాగి, మొహం గోడకి తిప్పేసింది.

గొడుగులన్నీ చెప్పగలను నేను. ఆ విసరకపోవడం ఏం పని చేసిందో మాత్రం ఇప్పటికీ తేలడంలేదు. నా అబద్ధానికి సంతకం పెట్టిందా? నాతో ఇక మాటలు దండగనుకుందా? పుస్తకమంతా తిరగేశాను, దానికి జవాబు లేదు.

అదిగో, లోపల్నుంచి ఇంకో గొడుగు, విన్నారా! ఏమందా? "దొంగమొహమా" అంది. మీకు కాదు, నాకు. తలుపవతల మంచంలోంచే మొత్తం వింది చూశారా? ఇక రాసుకోండి, మనిషికి అన్నీ తెలుసని ఇంత లావు అక్షరాలతో రాసుకోండి.

రాశాక వెళ్లి మళ్లీ అడగండి, వస్తావా ఉంటావా అని. నేను లోపలికి రాను. ఈ మెట్టు మీదే నోరు కుట్టేసుకుని కూర్చుంటాను. ఏదంటే అదే, వదినకి మీరే చెప్పండి.

ఒక్క మాట డాక్టరమ్మా. అడిగేముందు ఆ గ్లాసు ఆవిడ చేతికందేలా పెట్టి మరీ అడగండి.