ఒక్క గొంగడి

చెరుకు బండ్లు బారులు తీరిన రోజులవి. బోధన్ బస్టాండు బెంచీ మీద అన్న, లోపల నెత్తురు కారి వాచిన మోకాలు చాపుకొని కూర్చున్నాడు. హైదరాబాద్ ల్యాబులో పనిచేసే చెల్లె, చెప్పాల్సిన మాట బస్సు వచ్చేదాకా దాచాలని చూసింది.

"నా నెత్తురు పరీక్షల ఏమొచ్చింది? సప్పుడు చేస్తలేవు."

"మా ల్యాబు మందు నీకు పని చెయ్యదన్నా."

"నా నెత్తురు కారుడు ఆగాలనే గదా ఇన్నేండ్లు గీ పని చేసినవు."

"మందును మోసుకపోయేది ఒక వైరస్. దాని సరుకు తీసేసి, నెత్తురు గడ్డ కట్టించే మంచి జీన్ పెడ్తం. కని ఆ వైరస్ సిన్నప్పుడే నీకు తాకింది. నీ ఒళ్లు దాన్ని గుర్తువెట్టుకున్నది. మల్లొస్తే లోపలికి రానియ్యది."

"నాకు జరమన్న రాకపాయె."

"అది రోగం చెయ్యది. సర్దితోని వచ్చి పోతది. దాని గుర్తు నా నెత్తుర్ల గూడ ఉన్నది, సూసిన."

"నీ నుంచి నాకా, నా నుంచి నీకా?"

"ఎవలకెరుక. ఒక్క గొంగడిల పండినోళ్లం."

"నువ్వే గుంజుకుంటుంటివి." అన్న నవ్వాడు. "మరి గా మందు ఎవలకిస్తరు?"

"ఆ వైరస్ తాకనోళ్లకు."

"పోనీ, వాళ్లన్న మంచిగ నడుస్తరు. నువ్విగ మానేస్తవా?"

"లేదు. నీ ఒళ్లు ఎరగని వైరస్ దేవులాడుత."

"దొరికేదాంక నేను గిట్లనేనా?"

ఆమె వంగి అన్న మోకాలిని రెండు చేతులతో పట్టుకుంది. బస్సు వచ్చింది. అన్న సంచిలోంచి పాత గొంగడి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నీ రూంల సలి అంటివి గదా. అప్పుడు ఇద్దరికి సాలకపోయేది. నీ ఒక్కదానికి పెద్దగైతది."