ఖాళీ గుంటల పసుపు

అచ్యుతాపురంలో ఓ మందుల కంపెనీ ల్యాబ్. భోజనాల వేళ. బల్ల మీద చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు. పరీక్ష చేసిన హిమబిందుకు అన్నం డబ్బా మూత తీయబుద్ధి కావడం లేదు. కంప్యూటర్ పని చూసే గుణశేఖర్ మాత్రం ఎదురుగా కూర్చుని లొట్టలేసుకుంటూ తింటున్నాడు.

"సూడు గుణన్నా, ఖాళీ గుంటలు కూడా పసుపెక్కీసాయి."

"లైటుకి అలగ కనిపిస్తాది. తిను, సల్లారిపోతాది."

"నీ కంప్యూటర్ ఏటి సెప్పింది? మన కొత్త ప్రోటీను చర్మంలో ఉండే లామినిన్ అనే పదార్థాన్ని పట్టుకుంటాది, పుండు మానిపోతాది అని. అది పట్టుకున్న చోటే పసుపవుతాది గదా, లామినిన్ పూసిన గుంటే పసుపవ్వాల. పూయని గుంట ఎందుకయ్యింది?"

"సరిగ్గా కడగనేదేమో."

"నానే కడిగాను. ఏ గుంటకీ వేరేవి అంటుకోకుండా జిలాటిన్ పట్టించాం గదా, మన ప్రోటీనుగాడు ఆ జిలాటిన్నే పట్టుకున్నాడు. లామినిన్ని ముట్టుకున్నాడో నేదో దేవుడికి తెలియాల."

"అయితే జిలాటిన్ బదులు పాలపొడి పట్టించి మళ్లీ సేద్దాం. తర్వాత."

"తర్వాతా? సోమవారం నుంచి ఆస్పత్రిలో షుగరోళ్ల కాళ్ల పుండ్లకి ఈ ప్రోటీను కలిపిన జెల్లే గదా రాస్తారు."

"రాస్తే ఏటవుతాది? పనిసెయ్యదు, అంతే. ఎవలూ సచ్చిపోరు."

"మామూలు మందు మానిపించి ఇది రాస్తారన్నా. ఈలోగా పుండు ఎముకలోకి పోతే? కాలి ఏలు తీసెయ్యాల్సొస్తే? నోట్లో ముద్దెట్టుకొని ఎలగన్నావు ఆ మాట?"

"మెల్లగా. మన బాసు దేవీప్రసాద్ సారు పక్క గదిలోనే ఉన్నారు."

"ఉండనీ. రిపోర్టులో ఎట్టిన మొదటిసారి సేసిన ప్లేటు ఫొటోలో ఖాళీ గుంటలే నేవు. ఎవలు కత్తిరించారు?"

"అవి సూపించడం సారు వద్దన్నారు..."

"సారు వద్దన్నారు. కత్తిరించిందెవలు?"

"నానే. క్రాప్ సేసాను. అందరూ సేసిందే గదా."

"నిన్ను అన్నా అని పిలిసినందుకు నోరు కడుక్కోవాల."

"మరీ అలగనకు బిందూ. షుగరు పుండు బాధ నాకు తెలీదా? మా అమ్మ కాలు సూడనేదా నాను? తనకీ ఆ ఆస్పత్రిలోనే వైద్యం."

"అయితే సోమవారం మీ అమ్మకీ ఇదే జెల్లా?"

"కూర బాగుంది, కొంచెం ఏసుకో."

"గుణన్నా, నిన్నే అడుగుతన్నాను."

"ఆ లిస్టులోంచి అమ్మ పేరు ముందే తీయించీసాను."